ఎర్రగోడ బక్కయ్య మారుమనువు

జాజులగుట్ట మీద ముప్పై ఆరు ఇండ్లు. నిర్మల్ల పొద్దుగాల బండెక్కినోడు పగటీలి బువ్వ యాళ్లకు గుట్టకింద దిగుడుపల్లెల దిగుతడు. అక్కడినుంచి మీదికి తొవ్వ అంటూ ఏం లేదు, మేకలు నడిచిన జాడనే తొవ్వ. గంటసేపు ఎక్కాలె. ఎక్కుతాంటె పక్కపొంటి గుట్ట కోసుకపోయిన కాడ మన్ను కనవడ్తది. ఒక వార ఎర్రగ, ఒక వార పసుపుపచ్చగ, ఒక వార తెల్లగ, చాకలోళ్లు చీరెలు ఆరేసినట్టు. సూడవచ్చినోళ్లు అక్కడ నిలబడి "అబ్బ" అంటరు. అబ్బ అనుడు అయినంక మంచినీళ్లు అడుగుతరు.

సూడవచ్చినోళ్లకు అది అందం. ఊరోళ్లకు అది వావివరస.

ఎట్లంటె, గుట్ట మీద ఉన్నయి మూడే మూడు వంశాలు. జాజు, అంటె ఎర్రమన్ను, గోడకు పూసుకునేటోళ్లు ఎర్రగోడోళ్లు. పచ్చమన్ను పూసేటోళ్లు పచ్చగోడోళ్లు. సుద్ద పూసేటోళ్లు తెల్లగోడోళ్లు. ఒక్క రంగు గోడలోళ్లంత ఒకలకొకలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. పిల్లనియ్యాలన్నా, తెచ్చుకోవాలన్నా వేరే రంగు గోడ ఎతుక్కోవాలె. ఇంటిపేరు అడుగరు, గోత్రం ఎవలకూ ఎరుకలేదు. పిల్లదిక్కు పెద్దమనిషి వస్తడు, గడప బయట నిలబడి అరచెయ్యి గోడకు ఆనిస్తడు, తీసి సూసుకుంటడు. వేరే రంగు అంటితె లోపటికొచ్చి నీళ్లు తాగుతడు. తన రంగే అంటితె చెయ్యి దోతికి తుడుసుకొని గుట్ట దిగుతడు. గోడ చెప్పినంక మనిషి చెప్పేది ఏముంటదని వాళ్ల లెక్క.

బక్కయ్య ఎర్రగోడోడు. నలభై రెండేండ్లు. ఊరికి మస్కూరి. మస్కూరంటె సర్కారు కొలువు అని బక్కయ్య అంటడు. మూటలు మోసే పని అని వాళ్ల వదినె లింగవ్వ అంటది. ఇద్దరి మాటా నిజమే. ఊర్లెకు ఏ ఆఫీసరొచ్చినా కిందికి దిగి ఎదురు పోవాలె, మూట నెత్తికెత్తుకోవాలె, డప్పు కొట్టి హుకుం చెప్పాలె. దానికి ఒక తోలు పట్టా, పట్టాకు ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చిండ్రు. ఆ బిళ్లను బక్కయ్య చింతపండు వెట్టి తోముతడు. నిజాం రాజ్యంల వాళ్ల బాపు మోసిండు. నిజాం పోయినంక మిల్ట్రోళ్లొచ్చిండ్రు, వాళ్ల పెట్టెలు బక్కయ్య మోసిండు. అటెన్క హైదరాబాద్ రాష్ట్రమన్నరు, అదిపోయి ఆంధ్రప్రదేశ్ అన్నరు. రాజ్యం పేరు మారినప్పుడల్ల పెట్టెలు జర పెద్దగైనయి, గంతే.

వచ్చినోళ్లంత ఒకటే అడుగుతరు, ఈ మన్నుకు ఇన్ని రంగులు ఎట్లొచ్చినయని. బక్కయ్య మనిషిని బట్టి చెప్తడు. మిల్ట్రీ సుబేదారుకు, ఇక్కడ పెద్ద లడాయి అయింది, ఆ నెత్తురే గీ ఎర్ర అని చెప్పిండు. దవాఖాన సారుకు, గీ పచ్చమన్ను రాస్తే పుండ్లు మానుతయని చెప్పిండు. ఆయన సగం గంప కట్టిచ్చుకపోయిండు. పుండ్లు మానినయో లేవో తెల్వది, మోసినందుకు మాత్రం బక్కయ్య మెడ పట్టుకున్నది.

పెండ్లాం సత్తవ్వ కలరాల పోయి తొమ్మిదేండ్లాయె. పిల్లలు లేరు. పక్కింట్ల లింగవ్వ వండి పెడ్తది. అన్న సచ్చినంక ఆమెకు ఈయన, ఈయనకు ఆమె దిక్కు. బువ్వ గిన్నెడు పెడితె మాటలు గంపెడు పెడ్తది.

ఇగ కమలవ్వ సంగతి. దిగుడుపల్లెల బుచ్చిరాములని మేకలోడున్నడు, పచ్చగోడోడు. వాళ్ల తాతల్నాడే గుట్ట దిగిండ్రు గని కిందగూడ గోడకు పచ్చమన్నే పూసుకుంటరు. వాని చెల్లె కమలవ్వ. మొగడు పాముకాటుకు పోయిండు, అన్న ఇంట్ల ఉంటది. ముప్పై ఐదేండ్లుంటయి. బక్కయ్య ఆఫీసర్ల మూటలు కిందికి తెచ్చినప్పుడల్ల వాళ్ల ఇంటి ముందట దించి నీళ్లు తాగుతడు. రెండేండ్లు తాగిండు. ఒకనాడు కమలవ్వ చెంబు ఇచ్చుకుంట, "మూట దించుతవు గని మాట దించవేంది బక్కయ్యా" అన్నది. బక్కయ్యకు నీళ్లు ముక్కులకు పోయినయి. ఆ దగ్గు తగ్గకముందే గుట్టెక్కి లింగవ్వకు చెప్పిండు. లింగవ్వ దిగిపోయి బుచ్చిరాములుతోని మాట్లాడింది. ఎర్రకు పచ్చ కుదురుతది, ఇద్దరిదీ మారుమనువే, ఖర్సు లేదు. సోమారం వచ్చి గోడ మీద చెయ్యి పెడ్త అన్నడు బుచ్చిరాములు. పెండ్లి అయిపోయినట్టే.

అయిపోయినట్టే అనుకున్న శుక్కురారంనాడు బీడీవో సారు గుట్టెక్కిండు.

మంచి మనిషే. కొత్తగ వచ్చిండు, కోస్తా దిక్కాయన. తెల్ల బట్టలు, మాటకొక "అండి". వెంట గ్రామసేవక్ అంబదాస్ ఉన్నడు. ఆయనది ముథోల్ దిక్కు, మాటల మరాఠీ కలుస్తది. సారు వాడకట్టంత తిరిగి సూసిండు. మల్ల శుక్కురారం హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తడట, ఫోటోలు దీసేటాయన గూడ వస్తడట, రంగుల ఊరని పుస్తకంల వేస్తరట.

"అంతా బాగుంది కానండి, ఇక్కడ వరసగా పదకొండు ఇళ్లు ఎర్రగా ఉన్నాయి" అన్నడు సారు. "ఎరుపు ఫోటోలో నల్లగా పడుతుంది. ఊరికి మసి కొట్టినట్టుంటుంది. ఎరుపు తీసేయండి. ఒక ఇల్లు తెలుపు, ఒక ఇల్లు పసుపు, మళ్లీ తెలుపు, మళ్లీ పసుపు. చూడముచ్చటగా ఉంటుంది."

అంబదాస్ రాసుకున్నడు.

లింగవ్వ కొంగు సవరిచ్చుకొని అడిగింది. "జాజులగుట్టల జాజు వద్దంటె ఊరుపేరు గూడ మారుస్తరా సారు?"

"దానికి వేరే ఆర్డర్ కావాలమ్మా" అన్నడు సారు. పరాశికం గాదు, నిజంగనే అన్నడు.

బక్కయ్య డప్పు కొట్టిండు. "పూసిన రంగు పెద్దసారు వచ్చి పోయిందాక ఎవలూ మార్సొద్దహో" అని గూడ కలిపి చెప్పిండు. ఊరోళ్లు కదలలే. గోడ రంగు మార్సుడంటె మాటలా. ముందుగాల మస్కూరి ఇల్లు పూయుమనుండ్రి, సూసి మేం పూస్తం అన్నరు. సారు ఎదురుంగనే అన్నరు. బక్కయ్య బిళ్ల మీద చెయ్యి వేసుకొని, "నేను సర్కారు మనిషిని, ముందుగాల నాదే" అన్నడు. వరసల లింగవ్వ ఇల్లు మొదటిది, తెల్ల. బక్కయ్యది రెండోది, పచ్చ. మూడోది రాజయ్య ఇల్లు, తెల్ల. పచ్చగోడ ఆడోళ్లు ముగ్గురొచ్చి పొద్దుగూకక ముందే బక్కయ్య ఇల్లు బంతిపువ్వు లెక్క చేసి పోయిండ్రు. సారు బక్కయ్య భుజం చరిచిండు. ఆ సంబురంల బక్కయ్య రెండు దినాలు తానం చెయ్యలే. చేస్తె ఆ చరుపు పోతదని.

మస్కూరే పూసినంక మిగిలినోళ్లు గూడ పూసిండ్రు. అయితారం వరకు ఊర్ల ఎర్రగోడ ఒక్కటి లేదు.

ఇగ సూడుండ్రి తమాషా. మూడో ఇంటి రాజయ్య పెండ్లాం యాదవ్వ తెల్లగోడ ఆడిబిడ్డ. ఇప్పుడు రాజయ్య గోడ గూడ తెల్లగైంది. బాయికాడ ఒకడు అననే అన్నడు, "రాజయ్యా, నీ పెండ్లాం నీకు చెల్లె అయింది గదరా."

యాదవ్వ కడవ దించింది. "అయితె మంచిదే. పెండ్లాంగ ఉన్నన్నొద్దులు ఒక్క చీర వెట్టలే. చెల్లెకన్న పెడ్తడేమో సూద్దాం" అన్నది.

అందరు నవ్విండ్రు. బక్కయ్య గూడ నవ్విండు. తన గోడ రంగేందో, తెల్లారితె వచ్చేటోని గోడ రంగేందో ఇంక బుర్రకెక్కలే.

సోమారం పొద్దెక్కినంక బుచ్చిరాములు వచ్చిండు. "ఏం బావా, బాగున్నవా" అనుకుంటనే వచ్చిండు. లోపట పీట వేసి ఉన్నది, చెంబుల నీళ్లున్నయి, ముంతల కల్లున్నది. బుచ్చిరాములు గడప కాడ ఆగి, రివాజు ప్రకారం అరచెయ్యి గోడకు ఆనిచ్చిండు. తీసి సూసుకున్నడు. పసుపు కొట్టుకున్నట్టు పచ్చగున్నది చెయ్యి.

"తమ్మీ" అన్నడు.

బావా అనుకుంట వచ్చినోడు తమ్మీ అనేసరికి బక్కయ్య ఉరికొచ్చి గోడకు అడ్డం నిలబడ్డడు. "ఇది నా రంగు గాదు బావా, ఆఫీసరు పూయించిండు. ఏడుతరాల సంది మాది ఎర్రగోడ. నీకు ఎరుక లేదా?"

"నాకు ఎరుకనే. నాకు ఎరుకైతె ఏం లాభం, చెయ్యికి ఎరుకలేదు గద."

బక్కయ్య గోరుతోని గోడ గీకిండు. "గిదో, సూడు, కింద ఎర్రనే ఉన్నది."

"గీక్కుంట పోతె అందరి గోడల కింద మన్నే ఉంటది తమ్మీ. రేపు నా చెల్లెకు బిడ్డనో కొడుకో పుడితె, మ్యానమామ, బాపు ఒక్క గోడోళ్లు అంటరు. నేను మేకలోన్ని. సర్కారోన్ని గాదు, ఇంటింటికి చెప్పుకతిరుగనీకి." చెయ్యి దోతికి తుడుసుకున్నడు. కల్లు ముంత దిక్కు ఒక్కసారి సూసిండు, మనసు గుంజింది గని ఆగిండు. "ఖానాపూర్ దిక్కు ఒక తెల్లగోడాయన అడుగుతుండు. బేస్తారం అంగడికి వస్తడు, ఆయనకు ఏదో ఒకటి చెప్పాలె. అంగడికి పోయెముందు ఒక్కపారి మల్ల వస్త. నీ గోడ సంగతి నువ్వు సూసుకో."

లింగవ్వ అరుగు మీద కూసొని అంత ఇన్నది. "అందరికన్న ముందుగాల పూసుకుంటివి" అన్నది. "సారు చరిచిన భుజం అదేనా, ఇదా?"

లెక్క సక్కగనే ఉన్నది. గోడ ఎర్రగ పూస్తె హుకుం తప్పినట్టు, బిళ్ల పోతది. పూయకుంటె కమలవ్వ పోతది. పెద్దసారు వచ్చేది శుక్కురారం, ఆయన వచ్చి పోయిందాక ముట్టొద్దు. బుచ్చిరాములు వచ్చేది బేస్తారం. నడుమ ఒక్క దినం తేడా. ఆ ఒక్క దినం ఎవలన్న ఇటన్న అటన్న జరుపుతరేమో అని బక్కయ్య మంగళారం పొద్దుగాల పట్టా కట్టుకొని సమితి ఆఫీసుకు నడిచిండు.

ఆఫీసుల గుమాస్తా అంత ఇని, బీరువా తీసి, మూసి, చెప్పిండు. "రంగు వేయుమని ఆర్డర్ ఉన్నది. తీయుమని లేదు. తీసేదానికి అర్జీ ఏ కాయితం మీద పెట్టాలె అనేది గూడ లేదు."

బక్కయ్య అక్కడనే నిలబడ్డడు. నిలబడుడు ఆయనకు అలవాటే. పొద్దుమీకి బీడీవో సారు బయటికి వచ్చి సూసిండు, లోపటికి పిలిచి కుర్చీ చూపెట్టిండు. బక్కయ్య కూసోలే. సంగతి చెప్పిండు. సారు నిజంగ బాధపడ్డడు.

"అయ్యో, పెళ్లా. ముందే చెప్పొద్దటయ్యా. ఒక పని చేద్దాం. గోడ మార్చలేం కానీ కాయితం రాసిస్తాను. కాయితం ఉంటే ఎవరైనా ఒప్పుకోవాల్సిందే."

రాసిండు. గుమాస్తా సదివి ఇనిపించిండు. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, జాజులగుట్ట మస్కూరి బక్కయ్య ఇంటి గోడ పసుపు రంగులో కనిపించినప్పటికీ, సదరు గోడను ఎరుపుగానే భావించవలెను." కింద సారు దస్తకతు. దస్తకతు మీద ఊదరంగు సిరాతోని గుండ్రటి ముద్ర, అరిచెయ్యంత.

బక్కయ్య ఆ కాయితాన్ని రుమాల్ల మలిచి నెత్తికి చుట్టుకున్నడు. ఎండల పొద్దంత నడిచిండు. బుధారం మాపటికి దిగుడుపల్లె చేరి బుచ్చిరాములు ముందట విప్పిండు. బుచ్చిరాములుకు సదువు రాదు. బక్కయ్యకు గూడ రాదు, గని బాటపొంటి ముప్పైమార్లు మనసుల అనుకున్నడు గనుక బొట్టు పోకుంట చెప్పిండు.

"అంటె గోడ పచ్చగున్నా ఎర్రగున్నట్టు" అన్నడు బుచ్చిరాములు.

"అట్లనే. సర్కారే చెప్పింది."

బుచ్చిరాములు ఆలోశించిండు. తరువాత, మనిషి రివాజు తప్పనోడు గనుక, అరచెయ్యి కాయితం మీద ఆనిచ్చిండు. నెత్తి చెమటకు ముద్ర నానున్నది. చెయ్యి తీసి సూసుకుంటె ఊదరంగు, గుండ్రంగ.

"ఊదగోడోళ్లు" అన్నడు మెల్లగ. "మనల ఊదగోడోళ్లు ఎవలున్నరు? వాళ్లకు పిల్లనిస్తె వావి ఏమైతదో నాకు తెల్వది తమ్మీ."

కమలవ్వ మేకకు పాలు పిండుకుంట అంత ఇంటున్నది. చెంబు పక్కకు పెట్టి లేచింది.

"బక్కయ్యా, ఒకటడుగుత. పచ్చ పూయుమన్నప్పుడు ఎన్ని దినాలాలోశించినవ్?"

బక్కయ్య కాయితం మలుచుకున్నడు.

"ఎర్ర పూయనీకి నాలుగూర్లు తిరిగినవ్. నీ పెద్దసారు జీపు దిగితె రెండు గంటలుంటడు. నేను గుట్టెక్కితె ఎన్నేండ్లుంటనో ఆ లెక్క గూడ ఎవలితోనన్న రాయించుకున్నవా?" చెంబు మల్ల తీసుకున్నది. "నేను కాయితాన్ని చేసుకోను. గోడ ఉంటె వస్త, లేకుంటె ఖానాపూరాయన రెండెడ్లతోని ఉన్నడు. ఆ ఎడ్లు బాగున్నయట."

ఆ ఎడ్లు బాగున్నయట అన్న మాటే బక్కయ్యను గుట్టమీదిదాక తరిమింది.

బేస్తారం తెల్లారంగనే గడ్డపార పట్టుకొని జాజుగుంతల దిగిండు. మూడు గంపలు మోసుకొచ్చిండు. ఇన్నేండ్ల మోతల తనకోసం మోసింది అదే మొదలు. పగిలిన గాబుల నానపెట్టి, గోడకు పట్టాలని గంజి పోసి, లింగవ్వను పిలిచిండు.

లింగవ్వ రాలే. అరుగు మీదినుంచే చెప్పింది. "ఎర్ర పూత ఎర్రింటి ఆడిది పెట్టాలె, గది రివాజు. నాదిప్పుడు తెల్లిల్లు. నా చెయ్యి పడితె బుచ్చిరాములు దానికి గూడ ఏదో ఒకటంటడు."

"మరి ఎవలు పెట్టాలె? ఊర్ల ఎర్రిల్లే లేదు."

"నువ్వున్నవ్ గద. మా ఆడోళ్ల రంగు గోడతోని వస్తది, గోడతోని పోతది. మీ మొగోళ్లది పుట్టుకతోని వస్తది. మా రివాజుల మీకు ఇట్లాంటి సుఖాలు శానున్నయి. మొగోడు పూత పెట్టొద్దని ఎవలూ అనలే. పెట్టుమంటె ఎవడన్న పెట్టిండా, అనేదానికి?"

బక్కయ్య పట్టా విప్పి మేకుకు తగిలేసిండు. బిళ్ల లేకుంట నడుముకు ఏందో కొరతగున్నది. పాత చీర పేలిక జాజుల ముంచి గోడకు కొట్టిండు. సగం గోడమీద, సగం మొఖంమీద పడ్డది. వాడకట్టంత బువ్వలు ఇడిచిపెట్టి వచ్చి నిలబడ్డరు. యాదవ్వ నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నది.

"మూలల ఇడిచిపెడ్తున్నవ్ మరిదీ" అన్నది.

"పేలికతోని గాదు, చేత్తోని" అన్నది ఇంకో ఆమె.

"సిన్న వేలు దగ్గర పెట్టు, సందు వస్తుంది."

ఇరువైమంది ఆడోళ్లు చెప్తుంటె బక్కయ్య పూస్తుండు. సగమైనంక అంబదాస్ ఉరుక్కుంట వచ్చిండు. రేపటి ఏర్పాట్లు సూడ వచ్చినోడు ఇది సూసి నెత్తి పట్టుకున్నడు.

"అరే బాబా, కాయ్ కర్తోస్ రే, ఏం చేస్తున్నవ్? రేపు పెద్దసారు. హుకుం నువ్వే డప్పు కొట్టి చెప్పినవ్ కదా. బిళ్ల పోతది రే."

ఆ బిళ్ల బాపుది. ఇరువై ఏండ్ల సంది ఆ బిళ్ల సూసే జనం తనను మనిషి లెక్కల పట్టిండ్రని బక్కయ్య నమ్మకం. మేకు దిక్కు సూసిండు. చెయ్యి దిక్కు సూసుకున్నడు. చెయ్యి మోచేతిదాక ఎర్రగున్నది, ఇగ కడిగినా పొయ్యేది గాదు.

"అంబదాస్ సాబ్, మీరు పోయి సారుకు చెప్పుండ్రి" అన్నడు. "నాకు ఇంక ఎనుక గోడ ఉన్నది."

పగటీలికి బుచ్చిరాములు వచ్చిండు. అంగడికి పోయే బట్టలు వేసుకున్నడు. గడప కాడ నిలబడి చెయ్యి ఆనిచ్చిండు. గోడ ఇంక ఆరలే, చెయ్యి మణికట్టుదాక దిగవడ్డది. తీసి సూసుకున్నడు, ఎర్రగ బురద కారుతున్నది.

"మరీ ఇంత ఎర్రెందుకు బావా" అన్నడు, నవ్వి లోపటికొచ్చిండు. సోమారంనాటి కల్లు పులిసింది. లింగవ్వ కొత్త ముంత తెప్పించింది. అయితారం కమలవ్వను పంపుత అని చెప్పి, అంగడికి పోయి, ఖానాపూరాయనకు ఎర్రచెయ్యి సూపెట్టి వచ్చిండు.

ఇగ శుక్కురారం. బక్కయ్య ఎట్లన్న గాని అని బిళ్ల కట్టుకొని కిందికి దిగిండు. పోయేదుంటె దానంతటదే పోనీ, నేనెందుకు మేకుకు తగిలెయ్యాలె అనుకున్నడు. చేతులు దోతిల దాసుకున్నడు.

జీపు వచ్చింది. పెద్దసారు దిగిండు. భారీ మనిషి, మోకాళ్లకు రాసిన నూనె వాసనొస్తుంది. గుట్ట దిక్కు తలెత్తి సూసిండు, రుమాలు విప్పిండు, బీడీవోను అడిగిండు.

"ఇదంతా ఎక్కాలా?"

"గంటేనండి."

"ఇక్కడి నుంచే బాగా కనిపిస్తోంది కదా."

బుచ్చిరాములు ఇంటి ముందట నులక మంచం వేసిండ్రు. పెద్దసారు కూసున్నడు. అక్కడినుంచి సూస్తే మీది ఇండ్లు ఒక్కటి కనవడదు. కనవడేది గుట్ట కోసుకపోయిన కాడి మన్ను వారలే. ఫోటోలాయన వాటికే డబ్బ గురిపెట్టిండు.

"ఆ చారలు ఎంత బాగున్నాయి. ఇవన్నీ మీరు వేయించినవేనా?" అన్నడు పెద్దసారు.

బీడీవో సారుకు వారం దినాల సంది నిద్ర లేదు పాపం. "మా సమితి కృషేనండి" అన్నడు.

"ఆ ఎరుపుందే, అదీ అసలు అందం. ఎరుపు ఇంకాస్త ఉంటే బాగుండేది."

అంబదాస్ అప్పుడే వచ్చి బీడీవో చెవుల, మస్కూరి ఇల్లు ఎర్రగ పూసిండని చెప్తుండు. బీడీవో సారు తిరిగి సూసిండు.

"ఒక్క ఇల్లేనా?" అన్నడు. "మిగతావి ఎందుకు పూయలేదు?"

అంబదాస్ రాసుకున్నడు.

పెద్దసారుకు నీళ్ల చెంబు అందిచ్చేటప్పుడు బక్కయ్య చేతులు బయటపడ్డయి. "చేతులకు ఏమిటయ్యా అది?" అని అడిగిండు.

బక్కయ్యకు నోటిదాక ఏదో లడాయి, ఏదో నెత్తురు కథ వచ్చింది. కమలవ్వ దర్వాజల నిలబడి సూస్తున్నది. "పెండ్లి సార్" అన్నడు.

పెద్దసారు మెచ్చుకున్నట్టు తలూపి, నాటుకోడి తిని, నిర్మల్ బొమ్మలు సూడాలని జీపెక్కిండు. గుట్టకు, ఊరికి, ముప్పై ఆరు గోడలకు, అన్నిటికి కలిపి గంటన్నర.

అయితారం కమలవ్వ రెండు మేకలను తోలుకొని గుట్టెక్కింది. ఇంటి ముందట నిలబడి గోడ సూసింది. ఎనుకకు పోయి సూసింది. "ఆవు నాకినట్టున్నది" అన్నది. చీర ఎగజెక్కుకొని, బక్కయ్యతోని ఇంకో రెండు గంపలు తెప్పించి, మొత్తం మల్ల పూసింది. గోడ గిప్పుడు అద్దమోలె ఉన్నది. బక్కయ్య కిందికి మీదికి గంపలందిచ్చిండు.

తెల్లారంగ రాజయ్య వచ్చి అరుగు కింద నిలబడ్డడు. మిగిలిన ఎర్రగోడోళ్లు ఆయన ఎనుక నిలబడ్డరు. పెద్దసారు వచ్చుడు పోవుడు అయిపోయింది, ముట్టొద్దన్న హుకుం అయిపోయింది. గని మొగోని పూత ఎట్లుంటదో బక్కయ్య గోడ మీద అందరు సూసిండ్రు, మల్ల ఎర్ర పూయాలంటె ఎర్రింటి ఆడిదే పెట్టాలె. ఊర్ల ఎర్రింటి ఆడిది ఒక్కతే ఉన్నది, ఒక్క దినం పెండ్లాం.

"కమలవ్వా, జర మా ఇంటికి" అన్నడు రాజయ్య. "మా యాదవ్వ చీర చీర అని పానం తింటుంది. చెల్లెనట."

కమలవ్వ వచ్చిన మొగోళ్లను వరసగ సూసింది. "పూత నేను పెడ్త. తవ్వుడు, మోసుడు, తొక్కుడు మీదే. మా ఇంటాయన చేసిండు, ఏం అరిగిపోలే" అన్నది. "యాదవ్వకు చీర మాత్రం పెట్టు. చెల్లె అన్నంక మాట తప్పొద్దు."

పది దినాలు మొగోళ్లు మోకాళ్లదాక ఎర్రగ తిరిగిండ్రు. గుట్ట మీద అట్లాంటిది ఎప్పుడూ లేదు.

వానకాలం పోయినంక, దసరా దాటినంక, అంబదాస్ ఒక ఆర్డర్ పట్టుకొని గుట్టెక్కిండు. పెద్దల అభిప్రాయం మేరకు జాజులగుట్టల ఎరుపు రంగును పెంచవలెను అని ఉన్నదట అండ్ల. అంబదాస్ వాడకట్టంత కలెదిరిగి సూసిండు, పదకొండు గోడలు లెక్కబెట్టిండు, బక్కయ్య ఇంటి అరుగు మీద కూసొని కాయితం మీద ఏదో రాసిండు.

"ఏం రాసినవ్ సాబ్?" అన్నది కమలవ్వ.

"అమలైంది అని."

"ఎవలు పూసిండ్రని రాసినవ్?"

అంబదాస్ కలానికి టోపీ పెట్టుకుంట, "సమితి" అన్నడు.

"అయితె సమితినే జర రమ్మను" అన్నది కమలవ్వ. "యాదవ్వ ఇంటెనుక గోడ ఇంక మిగిలున్నది."